ఇంజిన్ బే కడగాలా, తుడవాలా? నీళ్లు ఎక్కడ పడొచ్చు, ఎక్కడ పడకూడదు

#1 · కొత్తస్టీరింగ్

పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. బానెట్ ఎత్తితే పైనంతా దుమ్ము, వాల్వ్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచు వెంట నల్లటి మడ్డి, బ్యాటరీ ప్లస్ టెర్మినల్ మీద పచ్చటి చిలుము. ప్రెషర్ వాషర్‌తో కొట్టేస్తే చాలని కొందరంటున్నారు, చుక్క నీరు కూడా తగలకూడదని ఇంకొందరు. నా దగ్గర మామూలు తోట పైపు, పాత పెయింట్ బ్రష్షులు, గుడ్డలు, ఆకులు ఊదే బ్లోయర్ ఉన్నాయి. వీటితో పని అవుతుందా? ఏ వరసలో చేయాలి?

#2 · పదోనంబర్‌పానా

రెండు మాటల్లోనూ సగమే నిజం. వానలో కారు నడుస్తుంటే కింద నుంచీ గ్రిల్ లోంచీ ఇంజిన్ బేలోకి నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. ఆ చిమ్ముడుకి కనెక్టర్లు (వైర్లు కలిపే ప్లగ్గులు) తట్టుకుంటాయి. తట్టుకోలేనివి రెండు: దగ్గర నుంచి కొట్టే ధార, వేడి మీద పడే చన్నీళ్లు.

వేడి అనగానే అందరూ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగని బయటికి తీసుకెళ్లే మొదటి గొట్టం) పగులుతుందనే చెప్తారు. పగిలే ప్రమాదం ఉన్నమాట నిజమే, కానీ అంతకన్నా నిశ్శబ్దంగా జరిగే నష్టం ఇంకోటుంది. కనెక్టర్ లోపలి గాలి ఇంజిన్ వేడికి వ్యాకోచించి ఉంటుంది. పైన చన్నీళ్లు పడగానే అది కుంచించుకుపోయి, సీలు అంచున నిలిచిన నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ రోజు ఏమీ కాదు. పిన్నులు మెల్లగా చిలుము పట్టి, ఎప్పుడో ఒక సెన్సర్ మొరాయిస్తుంది. అప్పటికి కడిగిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి ఇంజిన్ ఆపాక బానెట్ ఎత్తి ఉంచి గంటసేపైనా ఆగండి. వాల్వ్ కవర్ మీద అరచెయ్యి ఆనించి పది సెకన్లు ఇబ్బంది లేకుండా ఉంచగలిగితే సరిపోతుంది. మరీ చల్లారిపోవాల్సిన పని లేదు, గోరువెచ్చగా ఉంటే జిడ్డు తేలిగ్గా వదులుతుంది. మానిఫోల్డ్ మాత్రం వాల్వ్ కవర్ కన్నా బాగా ఆలస్యంగా చల్లారుతుంది, అటు చెయ్యి పెట్టకండి.

నీళ్ల కన్నా ముందు పొడిపని. వైపర్ల కింద ఉండే జాలీ దగ్గర ఆకులు, చెత్త చేత్తో ఏరెయ్యండి. అక్కడి నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయి ఉంటే, మీరు పోసిన నీళ్లు నేరుగా క్యాబిన్ బ్లోయర్ మోటార్ లోకి దిగుతాయి. తర్వాత మెత్తటి బ్రష్‌తో దుమ్ము లేపుతూ బ్లోయర్‌తో ఊదండి. ఈ పని శ్రద్ధగా చేస్తే తడిపని సగానికి తగ్గుతుంది. దుమ్ము మీద నేరుగా నీళ్లు పోస్తే బురదై, అందని సందుల్లోకి జారి గట్టిపడుతుంది.

#3 · సన్నధార

ప్రెషర్ వాషర్‌ని అంత తీసిపారేయక్కర్లేదేమో. 40 డిగ్రీల వెడల్పు నాజిల్ పెట్టి రెండడుగుల దూరం నుంచి కొడితే మెత్తగానే పడుతుంది. పైగా ఇప్పటి కనెక్టర్లకి ఐపీ67 రేటింగ్ (దుమ్ము, నీరు చొరకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఉంటుంది కదా, నీళ్లలో ముంచినా ఏం కాదంటారు.

#4 · ఓంమీటర్

సన్నధార గారూ, పొరపాటు ఆ రేటింగ్‌ని చదవడంలోనే ఉంది. ఐపీ67 అంటే మీటరు లోతు నిలవ నీటిలో 30 నిమిషాలు. ధార గురించి అది ఏమీ చెప్పదు. దగ్గర నుంచి కొట్టే ప్రెషర్ ధారకి వేరే పరీక్ష ఉంది, ఐపీ69కే: 80 డిగ్రీల వేడినీళ్లు, 80 నుంచి 100 బార్, 10–15 సెంటీమీటర్ల దూరం. ఒకటి పాసైతే రెండోదీ పాసైనట్టు కాదు. మీటరు లోతున నీళ్లు పెట్టే ఒత్తిడి 0.1 బార్. ఇళ్లల్లో వాడే ప్రెషర్ వాషర్లు పంపు దగ్గర 100 బార్ ప్రాంతంలో ఇస్తాయి.

ఇంకోటి, రేటింగ్ కొత్త కనెక్టర్‌ది. ఏళ్ల తరబడి వేడికి ఎండిన సీలు, లాక్ విరిగి జిప్ టైతో కట్టిన కనెక్టర్, ఎవరో హారన్ కోసం వైరు తొలిచి టేప్ చుట్టిన జాయింటు, వీటికి ఏ రేటింగూ వర్తించదు. వైరు కోతలోంచి దిగిన నీరు రాగి పోగుల మధ్య దీపం వత్తిలో నూనె పాకినట్టు పాకి, ఎక్కడో దూరంగా ఉన్న కనెక్టర్‌లో తేలుతుంది.

రెండడుగుల దూరం, వెడల్పు నాజిల్ అన్నారు, బాగానే ఉంది. కానీ మడ్డి వదలకపోతే చెయ్యి దానంతట అదే ముందుకి వెళ్తుంది. అదే అసలు ప్రమాదం. రేడియేటర్, ఏసీ కండెన్సర్ రెక్కలు కూడా పల్చటి అల్యూమినియం, ధార వాలుగా తగిలితే కాగితంలా మడత పడతాయి. మడత పడ్డ మేర గాలి ఆడదు.

#5 · కొత్తస్టీరింగ్

సరే, తోట పైపే. ఏమేం కప్పాలి? బ్యాటరీ వైరు తీయాలా వద్దా?

#6 · పదోనంబర్‌పానా

బ్యాటరీ విషయంలో మీకు తీయడమే మేలు, ఎలాగూ చిలుము శుభ్రం చేయాలి కాబట్టి. ఇంజిన్ ఆపి, తాళం తీసి కొన్ని నిమిషాలు ఆగాక మైనస్ ముందు, ప్లస్ తర్వాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే పానా బాడీకి తగిలితే పెద్ద స్పార్క్. బ్యాటరీ పైన హైడ్రోజన్ చేరి ఉంటే అది పేలుడు దాకా వెళ్తుంది. ఎక్కువ కార్లలో నట్టు పదో నంబరే. తీశాక గడియారం, పవర్ విండోల ఆటో సెట్టింగ్ పోవచ్చు. రేడియోకి కోడ్ అడిగే రకమైతే ముందే రాసిపెట్టుకోండి.

కప్పాల్సినవి, మొదట ఎయిర్ ఫిల్టర్‌కి గాలి వెళ్లే మూతి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. నీరు సిలిండర్ దాకా చేరితే పిస్టన్ దాన్ని అదమలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ పైన మిగిలే చోటు ఇంకా తక్కువ కాబట్టి కొద్ది నీరు చాలు. తర్వాత బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్: చల్లబడటానికి చుట్టూ కిటికీలు ఉంటాయి, లోపల కార్బన్ బ్రష్‌లు, డయోడ్లు. దానికి నీటికన్నా డీగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే మందుతో) ఎక్కువ హాని. తర్వాత ఫ్యూజ్ బాక్స్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), ఇగ్నిషన్ కాయిళ్లు (స్పార్క్ ప్లగ్‌లకి కరెంటు ఇచ్చేవి), హారన్, అలారం సైరన్. పాత కార్లయితే డిస్ట్రిబ్యూటర్ కూడా.

మందపాటి ప్లాస్టిక్ సంచి, రబ్బరు బ్యాండు. వంకర టింకర చోట్లకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ బాగా కుదురుతుంది, నొక్కితే ఆ ఆకారంలోనే నిలబడుతుంది. బ్యాటరీ వైరు తీశాకే ఫాయిల్ వాడండి. సంచి నోరు కిందికి ఉండాలి, పైకి ఉంటే అదే నీళ్ల తొట్టి అవుతుంది. ఎన్ని కప్పారో లెక్కపెట్టి అద్దం మీద రాసి అంటించుకోండి. ఎయిర్ ఫిల్టర్ మూతి దగ్గర మర్చిపోయిన సంచిని స్టార్ట్ చేయగానే ఇంజిన్ లాక్కుంటుంది.

ఆయిల్ మూత, డిప్‌స్టిక్, కూలెంట్ మూత, బ్రేక్ ఫ్లూయిడ్ మూత బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. బ్రేక్ ఫ్లూయిడ్‌లో నీరు కలిస్తే మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. గట్టిగా బ్రేక్ వాడినప్పుడు ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది.

#7 · బొగ్గుపొగ

ఇంత హడావిడి ఎందుకండీ? కిరోసిన్ బ్రష్‌తో రాసి పైపుతో కడిగేస్తే తళతళలాడుతుంది. వర్క్‌షాపుల్లో చేసేది అదేగా.

#8 · జిడ్డువైరి

తళతళలాడుతుంది, కాదనను. కానీ కిరోసిన్ 38 డిగ్రీల దగ్గర్నుంచే మంటకి దొరికే ఆవిరి ఇస్తుంది. పెట్రోల్ అయితే సున్నాకి 40 డిగ్రీల కింద కూడా ఇస్తుంది, దాని పేరే ఎత్తొద్దు. కడిగాక కూడా జాయింట్లలో, అడుగు షీట్‌లో కొంత మిగిలి, స్టార్ట్ చేశాక మానిఫోల్డ్ వేడెక్కుతుంటే ఆవిరి లేస్తుంది.

నిప్పు సంగతి పక్కన పెట్టినా రబ్బరు సంగతుంది. కూలెంట్ గొట్టాలు, ఇప్పటి బెల్టులు చాలామటుకు ఈపీడీఎం రబ్బరు. నీరు, వేడి బాగా ఓర్చుకుంటుంది, పెట్రోలియం నూనెలకి మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది. క్లాంప్ దగ్గర గొట్టం ఉబ్బితే కారుతుంది, బెల్టు ఉబ్బితే జారుతుంది. నిమ్మవాసన వచ్చే డీగ్రీజర్లన్నీ సాధువులని కూడా అనుకోకండి. తొక్క నూనెతో చేసిన అసలు సిట్రస్ సాల్వెంట్ కూడా 48 డిగ్రీల ప్రాంతంలో అంటుకునేదే.

నీటిలో కలిసే ఆల్ పర్పస్ క్లీనర్ చాలు. పలుచటి జిడ్డుకి 1:10, అంటే అర లీటరు స్ప్రే సీసాలో 45 మిల్లీలీటర్ల మందు, మిగతా నీళ్లు. మడ్డికి 1:4, అంటే 100 మిల్లీలీటర్లు, 400 నీళ్లు. అంతకన్నా చిక్కగా వాడితే వచ్చే లాభం బ్రష్‌తో ఇంకో నిమిషం రుద్దితే వచ్చేస్తుంది.

ఈ క్లీనర్లు క్షారగుణం ఉన్నవి. అల్యూమినియం మీద సహజంగా ఉండే ఆక్సైడ్ పొర పీహెచ్ 4 నుంచి 9 మధ్యే నిలకడగా ఉంటుంది. డీగ్రీజర్ ఆ హద్దు దాటినదే, అందుకే మూడు నుంచి ఐదు నిమిషాలకి మించి వదలకూడదు, ఆరిపోనివ్వకూడదు. కాస్టిక్ సోడా ఉన్న పొయ్యి క్లీనర్లు, డ్రెయిన్ క్లీనర్లు తగిలితే వాల్వ్ కవర్ తెల్లబారి మచ్చలు పడుతుంది. ఆ మచ్చ కడిగితే పోదు. ఆమ్లంతో చేసే వీల్ క్లీనర్లకీ ఇదే మాట.

#9 · పదోనంబర్‌పానా

ఇక తడిపని. నీడలో పెట్టండి. చేతులకి నైట్రైల్ గ్లవ్స్, కళ్లకి అద్దాలు. బానెట్ లోపలి వైపు రుద్దేటప్పుడు మందు కళ్లలోకే కారుతుంది.

పైనున్న ప్లాస్టిక్ ఇంజిన్ కవర్ లాగితే ఊడేదైతే తీసి విడిగా సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అయితే అది తీస్తే కాయిళ్లు బయటపడతాయి, వాటిని కప్పడం మర్చిపోవద్దు.

ముందు సన్నటి జల్లుతో ఒకసారి తడపండి. తడి ఉన్నచోట మందు చారలు కట్టదు. డీగ్రీజర్ కింది నుంచి పైకి చల్లండి. పై నుంచి మొదలెడితే కారిన మందు ఎండి గీతలుగా మిగులుతుంది. ఒకేసారి అంతా చల్లకుండా నాలుగు భాగాలుగా చేసుకోండి. ఒక్కో భాగం: చల్లడం, రెండు మూడు నిమిషాలు ఆగడం, బ్రష్, కడగడం. పెయింట్ బ్రష్‌కి ఉండే రేకు పట్టీ చుట్టూ టేప్ చుట్టండి, గీతలు పడవు. సందులకి టూత్‌బ్రష్. తీగ బ్రష్ మాత్రం కనెక్టర్ల దరిదాపులకి రానివ్వకండి.

కడిగేటప్పుడు పై నుంచి కిందికి, పైపుకి జల్లు మూతి పెట్టి. మొత్తం నీళ్లు పోసే సమయం ఐదు నిమిషాలు దాటుతోందంటే మీరు బ్రష్ చేయాల్సిన పని నీళ్లతో చేయిస్తున్నారని అర్థం. బానెట్ కింద ఉండే దూది లాంటి ప్యాడ్‌ని తడపకండి, నానితే బరువెక్కి క్లిప్పులు ఊడి వేలాడుతుంది. దాన్ని తడిగుడ్డతో అద్ది వదిలేయండి. రేడియేటర్ రెక్కల్ని కడగాలనిపిస్తే ఇంజిన్ వైపు నుంచి బయటికి, మెత్తటి జల్లుతో. పురుగులు, దుమ్ము లోపలికి వచ్చిన దారినే బయటికి పోవాలి.

#10 · తడిగుడ్డ

ఈ పద్ధతి తప్పని అనను. కానీ కొత్తస్టీరింగ్ గారు రాసిన మురికికి పైపు అక్కరే లేదు. దుమ్ము, ఒక అంచున మడ్డి. పొడిపని అయ్యాక 1:10 మందుని గుడ్డ మీద చల్లి తుడవండి, భాగం మీద కాదు. మడ్డి ఉన్న అంచుకి మాత్రం 1:4 మందు బ్రష్‌తో రాసి, మైక్రోఫైబర్ గుడ్డతో ఎత్తి, శుభ్రమైన నీళ్లలో పిండిన ఇంకో గుడ్డతో రెండుసార్లు తుడవండి. పది పన్నెండు గుడ్డలు పడతాయి, గంటన్నర పడుతుంది. కప్పడం, ఆరబెట్టడం దాదాపు ఉండవు. మడ్డి సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్ కింద ఉండే ఇనుప చట్రం) దాకా పాకిన కార్లకీ, బురదలో తిరిగిన కార్లకీ పైపు కావాలి. మిగతా వాటికి గుడ్డే నయం.

#11 · ఓంమీటర్

తడిగుడ్డ గారితో నేనూ ఏకీభవిస్తాను. ఇప్పుడు చిలుము. పావు లీటరు గోరువెచ్చటి నీళ్లలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో టెర్మినల్‌కీ క్లాంప్‌కీ రాయండి. నురగ ఆగేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. బ్యాటరీకి విప్పే మూతలుంటే సోడా లోపలికి పోకుండా చూడండి, అది ఆమ్లాన్ని చంపేస్తుంది. బిగించాక పైన పలుచగా పెట్రోలియం జెల్లీ. బిగించక ముందు పూస్తే లోహానికీ లోహానికీ మధ్య చేరుతుంది. ఒకవేళ చిలుము మళ్లీ త్వరగా వచ్చేస్తుంటే టెర్మినల్ మొదట్లో సీలు చీలి ఆమ్లపు ఆవిరి వస్తోందేమో, లేదా ఆల్టర్నేటర్ ఎక్కువ చార్జ్ చేస్తోందేమో చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా మీటర్ పెడితే మామూలుగా 13.8–14.7 వోల్టుల మధ్య ఉంటుంది.

#12 · నాలుగోసిలిండర్

కడిగాక స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణుకుతూ చెక్ ఇంజిన్ లైట్ మినుకుమినుకుమంటే? నడుపుతుంటే అదే ఆరిపోతుందంటారు.

#13 · ఓంమీటర్

నడపకూడదు, ఆపేయాలి. లైట్ నిలకడగా వెలగడం వేరు, మినుకుమనడం వేరు. మినుకుమంటే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా కాలకపోవడం) తీవ్రంగా ఉందని. కాలని పెట్రోల్, పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది, లోపలి తేనెపట్టు కరుగుతుంది. కాయిల్ కింద నిలిచిన చెంచాడు నీటి కోసం కన్వర్టర్ పోగొట్టుకోవడం అన్యాయం.

స్కానర్ పెడితే పీ0301 నుంచి పీ0304 వరకు ఏదో ఒకటి, లేదా పీ0300 చూపిస్తుంది. ఆఖరి అంకె సిలిండర్ నంబర్, సున్నా అంటే ఒక్కదానికే పరిమితం కాదని. ఇంజిన్ ఆపి చల్లారాక ఆ కాయిల్ విప్పండి. కాయిల్ కూర్చునే గొయ్యిలో నీరుంటే స్పార్క్ ప్లగ్ తీయకముందే గుడ్డ చుట్టిన పుల్లతో పీల్చి, కంప్రెసర్ గాలితో ఊదేయండి. ప్లగ్ ముందు తీస్తే ఆ నీరూ, మట్టీ సిలిండర్‌లోకి దిగుతాయి. కాయిల్ రబ్బరు బూటు లోపలా బయటా తుడిచి ఆరబెట్టి, బూటు లోపలి అంచుకి డైఎలక్ట్రిక్ గ్రీజు కొంచెం. అది కరెంటుని పారనివ్వదు, పిన్నుల మీద పూసేది కాదు.

గొయ్యిలో నీరు కాకుండా నూనె కనిపిస్తే అది కడగడం వల్ల వచ్చింది కాదు. ప్లగ్ ట్యూబ్ సీళ్లు పోయాయి.

#14 · కొత్తస్టీరింగ్

నూనె మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. వాల్వ్ కవర్ అంచున నా కారుకి ఉన్న మడ్డి లీకు వల్లేనా?

#15 · జిడ్డువైరి

చాలావరకు అంతే. అంచు వెంట వరసగా ఉంటే గాస్కెట్ (కవర్ కింద ఉండే సీలు) చెమర్చడం. ఆయిల్ మూత చుట్టూ మాత్రమే ఉంటే పోసేటప్పుడు ఒలికింది. తుడిచే ముందు ఫోటోలు తీసిపెట్టుకోండి, పక్కల నుంచి కూడా. మురికే లీకు చిరునామా, అది తుడిచేశాక ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేరు. తుడిచి ఆరాక ఆ అంచున టాల్కం పౌడర్ పలుచగా చల్లండి, బెల్టు వైపు పడకుండా. పది ఇరవై కిలోమీటర్లు నడిపి చూస్తే తడిసిన గీత కనిపిస్తుంది. నూనె గాలికి వెనక్కీ, బరువుకి కిందికీ పాకుతుంది, అందుకే అన్నిటికన్నా పైనా ముందూ ఉన్న తడినే నమ్మండి. గొట్టాల చివర తెల్లగానో గులాబీ, ఆకుపచ్చ రంగుల్లోనో ఉప్పులా పేరుకుని ఉంటే అది కూలెంట్.

చెమర్పు ఉందని బోల్టులు బలంగా బిగించేయకండి. ఆరు మిల్లీమీటర్ల బోల్టులు, దాదాపు 10 న్యూటన్ మీటర్ల బిగింపుకే ఉంటాయి. మితిమీరితే కవర్ చిట్లుతుంది లేదా మర పోతుంది.

#16 · చార్జింగ్‌తీగ

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ వాటికీ ఇవే పద్ధతులా?

#17 · ఓంమీటర్

కాదు. నారింజ రంగు తీగలు హై వోల్టేజ్‌వి, వాటి దగ్గర పైపు, డీగ్రీజర్, బ్రష్ ఏవీ వద్దు. కారు పూర్తిగా ఆఫ్ చేసి, తాళం దూరంగా పెట్టి, బాగా పిండిన గుడ్డతో పై ప్లాస్టిక్‌లు తుడవడం వరకే. హైబ్రిడ్ రెడీ మోడ్‌లో ఉంటే చప్పుడు లేకుండా ఉండి, ఉన్నట్టుండి ఇంజిన్ తిరుగుతుంది. వేళ్లు బెల్టు దగ్గర ఉంటే అంతే సంగతులు. సర్వీస్ ప్లగ్ (హై వోల్టేజ్‌ని తెంచే ప్లగ్) లాంటివి శిక్షణ లేకుండా ముట్టుకోకండి.

#18 · సన్నధార

ఎలుక గూడు ఉంటే బ్లోయర్‌తో ఊదేయొచ్చా?

#19 · పదోనంబర్‌పానా

వద్దు. ఎండిన పెంటికలు, ఉచ్చ దుమ్ములా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని, క్రిమిసంహారక మందు చల్లి ఐదు నిమిషాలు నానాక కాగితంతో ఎత్తి సంచిలో కట్టి పారేయండి. బ్లీచ్ కాకుండా వేరేది వాడండి, బ్లీచ్ అల్యూమినియాన్నీ పిన్నుల్నీ తింటుంది. ఆ చుట్టుపక్కల వైర్లు కొరికి ఉన్నాయేమో చూశాకే తడిపని.

#20 · తడిగుడ్డ

ఆరబెట్టడం ఎవరూ రాయలేదు. కప్పినవి తీసి లెక్క సరిచూసి, బ్లోయర్‌ని కనెక్టర్లు, కాయిల్ గొయ్యిలు, ఆల్టర్నేటర్ చుట్టూ తిప్పండి. కంప్రెసర్ గాలి అయితే కనెక్టర్ సీలుకి ఎదురుగా గురిపెట్టకండి, పక్క నుంచి. బానెట్ ఎత్తి అరగంట వదిలి, బ్యాటరీ బిగించి, పది పదిహేను నిమిషాలు ఐడిల్‌లో నడపండి. మానిఫోల్డ్ మీద నుంచి కొంచెం ఆవిరి మామూలే. బెల్టు మొదటి నిమిషం కీచుమంటే నీళ్ల తడి, దానంతటదే పోతుంది. కీచు ఆగకపోతే డీగ్రీజర్ చేరింది, ఇంజిన్ ఆపి మంచినీళ్లతో తడిగుడ్డ పెట్టి తుడవాలి. బెల్టు డ్రెస్సింగ్ స్ప్రేలు కొట్టొద్దు, జిగట మీద దుమ్ము కూరుకుపోతుంది.

మెరుపు కావాలంటే నీటి ఆధారిత డ్రెస్సింగ్‌ని స్పాంజి మీద వేసి ప్లాస్టిక్‌లకి, గొట్టాలకి పూసి, ఐదు నిమిషాల తర్వాత పొడిగుడ్డతో తుడిచేయండి. సిలికాన్ స్ప్రే డబ్బా వద్దు. గాలి దారిలోకి పోతే ఆక్సిజన్ సెన్సర్‌ని పాడుచేస్తుంది, బెల్టు మీద పడితే జారుతుంది.

#21 · కొత్తస్టీరింగ్

పైపు వద్దు, గుడ్డతోనే చేస్తాను. ఫోటోలు, పొడిపని, బ్యాటరీ విప్పి చిలుము, అంచుకి 1:4, మిగతాదానికి 1:10, ఆరాక పౌడర్. మురికి గుడ్డలు, బకెట్ నీళ్లు కాలువలో పోసేస్తే సరేనా?

#22 · జిడ్డువైరి

వానకాలువలో వద్దు, అది శుద్ధి కాకుండానే చెరువుకో ఏటికో చేరుతుంది. గుడ్డతో చేస్తే బకెట్లు రెండే కదా, రాత్రంతా ఉంచితే నూనె కొంత పైకి తేలుతుంది. దాన్ని పాత గుడ్డతో పీల్చి, పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. మిగిలిన నీళ్లు ఇంట్లో మురుగు గొట్టంలోకి. నేల మీద కారినదాని మీద రంపపు పొట్టు చల్లి ఊడ్చేయండి. మడ్డి అంటిన గుడ్డల్ని కుప్పగా మూల పడేయకండి, పరిచి ఆరనిచ్చి మూతున్న రేకు డబ్బాలో వేయండి.

#23 · ఓంమీటర్

వరసలో ఒక మార్పు. చిలుము పని అన్నిటికన్నా ఆఖరున. ముందే చేస్తే జెల్లీ పూసిన టెర్మినల్‌ని మళ్లీ డీగ్రీజర్ గుడ్డతో తుడిచేస్తారు. బ్యాటరీ వైర్లు మాత్రం మొదటే విప్పి, రెండు క్లాంపుల్నీ విడివిడిగా గుడ్డలో చుట్టి పక్కకి వంచి ఉంచండి.